రూల్సు బాబాయ్‌కి వచ్చిన పోస్టింగు

ఆ సైనిక కార్యాలయంలో పోస్టింగుల సెక్షనుకి హెడ్ క్లర్కు ఆయన. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరికీ రూల్సు బాబాయే. ఎవరైనా సెలవు అడగడానికొచ్చి తల గోక్కుంటూ నిలబడితే చాలు, పుస్తకం తెరవకుండానే, "అలా కుదరదు నాయనా, రూలు నలభై రెండు చదువుకుని రా" అనేసి టీ తాగుతూ కూర్చునేవాడు. మంచివాడు కాదని కాదు. ఉన్న మంచితనాన్ని ఆఫీసు టైములో బయటికి తీసేవాడు కాదు, అంతే.

అలాంటి మనిషి ఒక సోమవారం పొద్దున ట్రేలోంచి ఆర్డర్లు తీసి రిజిస్టరులో ఎక్కిస్తూ మూడో కాగితం దగ్గర ఆగిపోయాడు. సముద్రం అవతల ఉన్న స్థావరానికి హెడ్ క్లర్కు కావాలట. రెండేళ్ళు. కుటుంబాన్ని తీసుకెళ్ళడానికి లేదు. కింద తన పేరుంది. ఇంకెవడో అదే పేరున్నవాడేమో అనుకున్నాడు పాపం. నంబరు చూస్తే నంబరు కూడా తనదే.

ఇరవై ఏళ్ళ సర్వీసు నిండటానికి ఇంకెన్నాళ్ళో తెలుసా? ఏడు నెలలు. ఏడు నెలలు ఓపిక పడితే పెట్టె సర్దుకుని ఇంటికి పోవచ్చు. కానీ రెండేళ్ళ పోస్టింగుకి ఏడు నెలల సర్వీసు ఏ మూలకి? అందుకని మిగతా పదిహేడు నెలలూ తనకి తానే పొడిగించుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. పెట్టకపోతే తనంతట తానే మానేసినట్టు, పెన్షను లేనట్టు. గడువు పది రోజులు. ఈ మెలికంతా ఆయనకి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు, ఎంతోమందికి తనే చెప్పాడు. ఇప్పుడు తనే అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు.

పోనీ వెళ్తే ఏం పోతుంది అంటారా? కూతురు పోతుంది. ఆ పిల్లకి పదిహేడేళ్ళు. ఇంకో ఏడాదిన్నరలో స్కూలు చదువైపోతుంది, పై చదువుకి వేరే ఊరెళ్ళిపోతుంది. పుట్టినప్పట్నుంచీ తండ్రంటే సెలవుల్లో వచ్చిపోయే చుట్టమే దానికి. పోయినేడు కాళ్ళావేళ్ళా పడి ఈ ఊరికి బదిలీ చేయించుకుని, ఇప్పుడిప్పుడే దగ్గరవుతున్నాడు. ఆదివారాలు స్కూటరు నేర్పిస్తున్నాడు. "అద్దం చూశావా? ఇండికేటరు వేశావా?" అని ఈయన వెనకాల కూర్చుని సతాయిస్తుంటే, "నాన్నా, నువ్వు దిగిపోతే బండి దానంతటదే నడుస్తుంది" అని నవ్వేది. ఆ నవ్వు కోసమే బతుకుతున్నాడనుకోండి. రెండేళ్ళ తర్వాత తిరిగొస్తే ఏముంటుంది, ఖాళీ గది తప్ప!

సాయంత్రం ఇంట్లో నీళ్ళు నమిలి నమిలి విషయం బయటపెట్టాడు. భార్య మందుల షాపులో పని చేస్తుంది. రోజంతా నిలబడే ఉంటుంది కాబట్టి ఇంటికొచ్చాక ఏ కబురైనా కూర్చునే వింటుంది. ఈ కబురుకి మాత్రం లేచి నిలబడింది.

"ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళందరికీ రూళ్ళు చెప్పారుగా. మనకి పనికొచ్చే రూలు ఒక్కటి లేదా?"

"ఉంటుంది. వెతుకుతాను."

"ఉంటే ఈపాటికే చెప్పేవారు. నాకు తెలీదా మీ సంగతి?" అంది. కసిరినట్టే అంది గానీ మళ్ళీ కూర్చోలేదు.

కూతురు కంచం తీసేసి తన గదిలోకి వెళ్ళింది. ఏడుస్తుందేమోనని బాబాయ్ చెవులు రిక్కించాడు. ఏడుపు లేదు, కుర్చీ లాగిన చప్పుడు వినపడింది. పరీక్షలు దగ్గర పడ్డాయి, చదువుకుంటోంది కాబోలనుకున్నాడు.

మర్నాడు మేజరుగారి గదికి వెళ్ళాడు. ఈ ఊరొచ్చాక సొంత పని మీద ఆ తలుపు కొట్టడం అదే మొదలు.

"సార్, ఏడాది లోపు సర్వీసు మిగిలినవాళ్ళని దూరం పంపకూడదని ఒక రూలుండేది..."

"ఉండేది," అన్నాడు మేజరు. మనిషి చెడ్డవాడేం కాదు. బీరువాలోంచి పాత ఫైలు తీయించి, పేజీ తిప్పి ముందు పెట్టాడు. "అది ఎవరు తీసేయించారో చూడండి."

చూశాడు. ఆరేళ్ళ కిందట వేరే ఊరి ఆఫీసు నుంచి పంపిన నోటు. "ఈ వెసులుబాటును పలువురు సాకుగా వాడుకొనుచున్నారు. కావున రద్దు చేయగలరు." దస్తూరీ తనదే. గుండ్రంగా, ముచ్చటగా, ఒక్క కొట్టివేత లేకుండా రాశాడు. అప్పట్లో దానికి మెచ్చుకోలు ఉత్తరం కూడా వచ్చింది. 

"మీకు తెలియనిదేముంది బాబాయ్" అన్నాడు మేజరు. తిట్టినా అంత బాధపడేవాడు కాదు.

ఆఖరికి దారి చూపించింది స్టోర్సు చూసే ఆయన. అందరూ ఆయన్ని బావా అంటారు, ఎవరికి బావో ఎవరికీ తెలీదు. "పుచ్చిపన్ను ఉందా నీకు?" అని అడిగాడు.

"ఉంది. ఎడమవైపు దవడ పన్ను. రెండేళ్ళయింది."

"మరింకేం, అదృష్టవంతుడివి! పళ్ళ డాక్టరు బాగుందని చీటీ ఇవ్వకపోతే విమానం ఎక్కనివ్వరు. ఆ పన్ను బాగుచేయడానికి నెలలు పడుతుంది. ఈలోపు అక్కడికి ఇంకెవణ్ణో పంపేస్తారు."

ఇలాంటి ఎత్తులు వేసేవాళ్ళని తనెన్నిసార్లు దులిపేశాడో బాబాయ్‌కి గుర్తుంది. అయినా వెళ్ళాడు. సిగ్గు చంపుకుని, రెండేళ్ళుగా దాచుకున్న పన్నుని చూపించుకోవడానికి పెందలాడే వెళ్ళి వరసలో మొదట కూర్చున్నాడు. పళ్ళ డాక్టరమ్మ చిన్న వయసుది, భలే హుషారు మనిషి. నోట్లో లైటు వేసి చూసి, "అబ్బో, పూర్తిగా పోయిందండీ! దీన్ని బాగుచేయడమేంటి, పీకేయడమే," అంది. ఈయన వద్దు వద్దని చేతులు ఊపుతూనే ఉన్నాడు. నోట్లో అంత సరంజామా ఉంటే వద్దన్నా అలాగే వినపడుతుంది, కావాలన్నా అలాగే వినపడుతుంది. పది నిమిషాల్లో పన్ను పళ్ళెంలో ఉంది, చీటీ మీద ముద్ర పడింది. ప్రయాణానికి యోగ్యుడు.

దవడలో దూది కుక్కుకుని బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు బాబాయ్. నొప్పికి కాదు, నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎటు చూసినా తలుపులు మూసి ఉన్నాయి, సగం తలుపులు తను మూసినవే.

ఎనిమిదో రోజు పొద్దున ట్రేలోకి ఆ కవరు వచ్చింది.

పోస్టింగులు ఆపమని కుటుంబాల వాళ్ళు పంపుకునే విన్నపాలన్నీ ఈయన సెక్షనుకే వస్తాయి. వాటిని మొదటి వాక్యం, చివరి వాక్యం చూసి పక్కన పెట్టడం ఆయన పద్ధతి. మధ్యలో ఉండేది కన్నీళ్ళేగా! మేజరు అప్పటికే దాని మీద ఎర్ర సిరాతో "మామూలు జవాబు" అని రాసేశాడు, పంపినవాళ్ళెవరో చూసినట్టు లేదు. బాబాయ్ మొదటి వాక్యం చూశాడు. ఆ 'య'కారం చివర తోక తిప్పడం తను నేర్పిందే.

"గౌరవనీయులైన అధికారిగారికి. నేను పుట్టి పదిహేడేళ్ళయింది. అమ్మ దగ్గరున్న పాత క్యాలెండర్లు చూసి లెక్కపెట్టాను. మా నాన్నగారు ఇంట్లో ఉన్నది వెయ్యిన్నీ ఆరువందల పదకొండు రోజులు. అందులో చాలా రోజులు యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటూనే ఉన్నారు. ఇంకొక్క ఏడాదిన్నర ఆయన్ని మాకు ఉండనివ్వండి. తర్వాత నేనే వెళ్ళిపోతాను, అప్పుడు మీ ఇష్టం. ఈ లెటరు మా నాన్నగారికి చూపించకండి. ఆయన రూళ్ళంటే చాలా గౌరవం ఉన్న మనిషి. నేను ఇలా అడిగానని తెలిస్తే తలదించుకుంటారు."

మొత్తం చదివాడు. మళ్ళీ చదివాడు. చుట్టూ అందరూ ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. ఏడుద్దామన్నా చోటు లేదక్కడ.

మామూలు జవాబు అంటే మూడు వాక్యాలు. "మీ విన్నపాన్ని సానుభూతితో పరిశీలించాము. సర్వీసు అవసరాల దృష్ట్యా అంగీకరించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము. మీ సహకారానికి కృతజ్ఞతలు." పదకొండేళ్ళ కిందట ఆయనే కూర్చిన జవాబు అది, ఎన్ని ఆఫీసుల్లో వాడారో లెక్కలేదు. మొదటి వాక్యం టైపు చేశాడు. రెండో వాక్యంలో 'చింతిస్తున్నాము'కి ముందు 'చాలా' అని ఒక్క మాట చేర్చాడు. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. మేజరు సంతకం పెట్టేటప్పుడు ఇదేమిటని అడిగితే? ఆ మాట తీసేశాడు. జవాబు పోస్టులో వేయించి, అదే చేత్తో పొడిగింపు కాగితం మీద సంతకం కూడా పెట్టేశాడు.

శనివారం మధ్యాహ్నం పోస్టుమాన్ వచ్చాడు. కూతురు చెప్పులైనా వేసుకోకుండా గేటు దాకా పరిగెత్తింది. అక్కడే నిలబడి కవరు చింపి చదివింది. మూడు వాక్యాలు చదవడానికి ఎంతసేపు పడుతుంది? అయినా చాలాసేపు నిలబడే ఉంది. లోపలికొచ్చేసరికి బాబాయ్ పేపరు అడ్డం పెట్టుకుని కుక్కిన పేనులా కూర్చున్నాడు.

"ఎక్కణ్ణుంచి తల్లీ?"

"స్కూలు నుంచి నాన్నా."

ఆ పిల్లకి అబద్ధం ఆడటం చేతకాదు. తనకోసం ఆడుతున్న ఆ అబద్ధాన్ని బాబాయ్ భరించలేకపోయాడు.

"అది స్కూలుది కాదు. నాకు తెలుసు. టైపు చేసింది నేనే."

కూతురు గుడ్లప్పగించి చూసింది. "నీకు చూపించొద్దని రాశానుగా!"

"అదీ చదివానమ్మా."

"మొత్తం చదివి... ఇది పంపావా? నువ్వే? ఒక్క మాటైనా వేరేగా రాయలేకపోయావా నాన్నా?"

"రాశాను. ఒక్క మాట రాశాను. మళ్ళీ భయమేసి తీసేశాను."

అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండుననుకున్నాడు. ఆ పిల్ల కవరుని మడత మీద మడత పెడుతూ వచ్చి ఎదురుగా కూర్చుంది. కోపం లేదు. తెలుసుకోవాలనే అడిగింది.

"అయితే అక్కణ్ణుంచి నాకు రాసే ఉత్తరాలు కూడా ఇలాగే ఉంటాయా?"

లేదు తల్లీ, అలా ఎందుకుంటాయి అనబోయాడు. ఇన్నేళ్ళలో ఇంటికి రాసిన ఉత్తరం ఏదైనా ఒక్కటి గుర్తు తెచ్చుకుని, ఇదిగో ఇలా రాస్తాను అని చెప్పాలనుకున్నాడు. 'ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను.' ఎంత వెతుక్కున్నా అంతకు మించి ఒక్క వాక్యం కూడా గుర్తుకు రాలేదు.