వెనక నడిచే మనిషి

"నా సుట్టబట్టను పిండినవా? ఎవరు పిండుమన్నరే నిన్ను?"

సాలవ్వ చేతిలో ఉతికిన తడిబట్ట నీళ్లు కారుతూ ఉంది. ఇంకా సరిగా తెల్లవారలేదు. వాకిట్లో పొయ్యి ముందు కూర్చున్న కోడలు ఈరవ్వ తల ఎత్తకుండానే మంట ఎగదోసింది.

"మాసింది, పిండిన. మాసిన బట్టను పిండరా?"

"అది కట్టుకునే బట్టనా? మోపు కింద నెత్తి మీద పెట్టుకునే బట్ట. నా నెత్తికి కుదిరిన బట్ట."

"వాసన కొడుతుందత్తా. ఆ వాసనకు పిల్లి సుత గూడు దిక్కు పోదు."

"మనింట్ల పిల్లి యాడున్నదే?"

"గందుకే లేదు."

ఎడ్ల మెడలకు పలుపులు సరిచేస్తున్న లింగం నవ్వాడు. తల్లి ముఖం చూసి వెంటనే నవ్వు ఆపి, ఎద్దు చెవి వెనక ఏదో ఉన్నట్టు గోకడం మొదలుపెట్టాడు.

ఆ బట్టను మెలిపెట్టి గుండ్రంగా చుట్టడం సాలవ్వ ఎన్నడో మానేసింది. చెమట, దుమ్ము, ఆకుల పసరు పట్టి అది దానంతట అదే చుట్టగా నిలిచిపోయింది. గూట్లోంచి తీసి తలమీద పెట్టుకుంటే చాలు, తన చోటు తనకు తెలిసినట్టు కూర్చునేది. ఇప్పుడు అది చుట్ట కాదు. పొడుగ్గా విప్పుకున్న పాతబట్ట. మురికి పోయిన అంచున వెలిసిన ఎర్రగీత ఒకటి బయటపడింది.

"ఇది రుమాలు లెక్క ఉన్నదేందత్తా?" అంది ఈరవ్వ, అప్పుడే చూసినట్టుగా.

సాలవ్వ బట్టను చూరు వెదురు మీద ఆరవేసి, తాడూ కొడవలీ తీసుకుని బయటికి నడిచింది. ఈరవ్వ తన చుట్టబట్ట ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టింది. దారిలో గడ్డి కోసుకుని చుట్ట చేసుకుంటుంది. ఒకరి చుట్ట ఇంకొకరి నెత్తికి నప్పదు.

ఆ రోజు బేస్తారం, అంటే గురువారం. ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచి వానలు పడేదాకా, ప్రతి బేస్తారం ఊళ్లో ఆడవాళ్లు కొందరు గుట్ట దాటి అడవికి మోదుగాకుకు పోతారు. ఆ ఆకుతో విస్తళ్లు కుట్టి కామారెడ్డికి పంపుతారు. పెండ్లిళ్ల రోజుల్లో ఎన్ని కుట్టినా చాలవు. అది పనే. కానీ ఆ పనికి పోయే రోజు ఎవరూ పొద్దెక్కేదాకా పడుకోరు, ఎవరికీ ఒంట్లో బాగాలేకపోవడం ఉండదు. మిగతా రోజుల్లో ఇంకొకరి పొలంలో నడుములు వంచే వాళ్లే ఆ ఒక్కరోజూ తమ ఇష్టానికి నడుస్తారు, తమ ఇష్టానికి ఆగుతారు.

ముందు నడిచేది యాదవ్వ. గొంతు పెద్దది, అడుగు పెద్దది. గుట్ట ఎక్కుతూ కూడా మాట ఆపదు.

"నేను ఇంట్ల ఉన్నన్ని దినాలు నా మొగనికి ఆకలి గాదు. బేస్తారం వచ్చిందంటే సాలు, సీకటితోనే గిన్నెలు కదిలిస్తడు."

"నువ్వు వండినది తినలేక గట్ల జేస్తుండేమో పెద్దమ్మా," అంది మరియ. ఆమె ఆ గుంపులో పడుచుపిల్ల. ఆదివారం గుడిలో పాడిన పాటను బేస్తారం దాకా సన్నగా పాడుకుంటూనే ఉంటుంది.

"నీ పెండ్లి గానియ్యి, నీ సేతివంట గూడ జూస్తం."

అందరికంటే వెనక సాలవ్వ. పొడుగాటి మనిషి. ఎండిన చేతుల మీద పచ్చబొట్టు చుక్కలు ముడతల్లో ఒకదానికొకటి దగ్గరయ్యాయి. నుదుట కుంకుమ, చేతులకు గాజులు. కుడిమోకాలు వెలగకాయలా వాచి ఉంది. నొప్పి తెలియనీయకుండా ఆ కాలు కొంచెం పక్కకు వేసి నడుస్తుంది.

ఇన్నేళ్లలో ఆమె చూసినవి వీపులూ మడమలే. యాదవ్వ మడమల పగుళ్లలో ఎండిన మట్టి. మరియ ఎడమకాలు వంకరవేలు. ఈరవ్వ మట్టెలు ఇంకా కొత్తవి, అడుగు నేలకు తగిలీ తగలనట్టు వేస్తుంది. ఎవరు రాత్రి ఏడ్చారో, ఎవరు నీళ్లోసుకున్నారో ముఖం చూసినవాళ్లకంటే ముందు వీపు చూసిన సాలవ్వకే తెలిసేది. తెలిసినా ఒకరిది ఇంకొకరికి చెప్పేది కాదు.

వెనక నడవడానికి ఒక పద్ధతి ఉంది. ఎప్పుడో, సాలవ్వ ఆ ఊరికి కాపురానికి రాకముందు, ఒక మనిషి ఆకు కోస్తూ అడవిలోనే ఉండిపోయిందట. ఊరు చేరేదాకా ఎవరూ గమనించలేదట. అప్పటినుంచి తిరుగుదారిలో గుట్టమీదికి రాగానే వెనక మనిషి ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంది. పిలిచినవాళ్లు 'ఉన్న' అనాలి. అందరూ పలికాకే గుట్ట దిగాలి. మోపు దించుకున్నవాళ్లందరికీ మళ్లీ నెత్తికి ఎత్తేదీ వెనక మనిషే. ఆమె మోపు ఎత్తడానికి ఎవరూ మిగలరు. అందుకు అక్కడ రొమ్ము ఎత్తున ఒక బండ ఉంది. మోపును దానిమీద పెట్టి, మోకాళ్లు వంచి, తల కిందికి దూర్చి లేవాలి.

పాత మనిషి ముసలిదై ఇంట్లో కూర్చున్నప్పుడు ఆ చోటు ఎవరూ కోరుకోలేదు. అందరి దుమ్మూ వెనకవాళ్లకే. సాలవ్వ తానే అడిగి తీసుకుంది. "ఎంత మంచి మనిషో" అన్నారు. అననిచ్చింది.

గుట్టమీద నిలబడి వెనక్కి తిరిగితే, అడవికి అవతల ఎల్లారెడ్డి నుంచి వచ్చే బాట కనిపిస్తుంది. ఎర్రనేలలో తెల్లటి గీత. ముందు నడిచేవాళ్లు తిరిగి చూస్తే వెనకవాళ్లు ఏమైందని అడుగుతారు. చివరి మనిషి తిరిగి చూస్తే అడిగేవాళ్లుండరు.

ఆ బాటనే సాలవ్వ పెనిమిటి సాయన్న నిజాంసాగర్ కట్టపనికి పోయాడు. లింగం అప్పుడు ఉయ్యాలతొట్టెలో ఉన్నాడు. "కట్టకు నీళ్లు ఆనిననాడు వస్త" అని చెప్పాడు. తలకు కొత్త రుమాలు చుట్టుకుని, పాతది గూటానికి వేలాడదీసి పోయాడు. కట్ట లేచింది, నీళ్లు ఆనాయి, కాలువలు పారాయి. పోయినవాళ్లలో కొందరు దగ్గుతో వచ్చారు, కొందరు ఇత్తడి బిందెలతో వచ్చారు. సాయన్న జ్వరంతో పోయాడని ఒకరన్నారు. బొంబాయి మిల్లులకు పోయాడని ఇంకొకరన్నారు. కండ్లారా చూసినట్టు ఎవరూ చెప్పలేదు. అందుకని సాలవ్వ గాజులు తీయలేదు, తీయమని ఊరూ అనలేదు. గూటాన ఉన్న రుమాలును చాలా రోజులు ముట్టలేదు. ఒక బేస్తారం మాత్రం మెలిపెట్టి, చుట్టి, నెత్తిమీద పెట్టుకుని అడవికి పోయింది.

అడవిలో పొద్దు తొందరగా గడిచింది. లేతాకు వదిలి ముదురాకు కోశారు. వాగు ఎండిన చోట చెలిమె తోడి నీళ్లు తాగారు. రొట్టెలు విప్పుకుని ఒకరి తొక్కుపచ్చడి ఒకరు నాకి వంకలు పెట్టారు. ఈరవ్వ తన రొట్టెలోంచి సగం తుంచి అత్త ముందు పెట్టింది. సాలవ్వ అటు తిరిగి తిన్నది.

ఎండ చల్లబడ్డాక మోపులెత్తుకుని గుట్ట ఎక్కారు. పైన దించారు, ఊపిరి తీసుకున్నారు. సాలవ్వ పిలిచింది.

"యాదవ్వా!"

"ఉన్న, యాడికి పోత!"

"మరియా!"

"ఉన్న."

"ఈరవ్వా!"

"ఉన్నత్తా."

మిగతావాళ్లూ పలికారు. సాలవ్వ ఒక్కొక్క మోపూ ఎత్తి నెత్తిన పెట్టింది. వరుస కదిలి గుట్ట దిగింది. యాదవ్వ మాట చెట్ల మధ్య కాసేపు వినిపించి సన్నబడింది.

సాలవ్వ తన మోపు బండమీదికి చేర్చింది. గడ్డిచుట్ట సవరించుకుని, మోకాళ్లు వంచి, తల దూర్చింది. లేవబోయింది. కుడికాలు లేవలేదు. మళ్లీ ప్రయత్నించింది. మోకాలిలో ఏదో పట్టు తప్పినట్టయి చేతులు నేలకు ఆనాయి. మెల్లగా తలను బయటికి తీసుకుని బండకు వీపు ఆనించి కూర్చుంది.

ఒక్క కేక వేస్తే వినపడేంత దూరంలోనే ఉన్నారు. నోరు తెరిచింది. కేక వేస్తే ఈ చోటు ఇంకొకరికి పోతుంది. నోరు మూసుకుంది.

ఎప్పుడూ ఒక్క చూపు చూసి దిగిపోయేది. తీరిగ్గా కూర్చుని ఆ బాటను చూడటం ఇదే మొదలు. మోటారు ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. మోటారు దుమ్ము ఎత్తుగా లేచి తొందరగా విరుగుతుంది. బండి దుమ్ము నేలను పట్టుకుని నడుస్తుంది. మనిషి ఒక్కడే నడిస్తే దుమ్మే లేవదు, కండ్లు చికిలించుకుని చూడాలి.

ఒక మనిషి నడిచి వస్తున్నాడు. తలకు రుమాలు. సాలవ్వ చేయి నొసటికి అడ్డం పెట్టుకుంది. నడుం వంగింది, చేతిలో కట్టె ఉంది, రెండడుగులకొకసారి ఆగుతున్నాడు. ఎవరో ముసలాయన. చూపు తిప్పుకుంది.

తిప్పుకున్నాక ఆమెకు తట్టింది.

ఇన్నేళ్లూ ఈ గుట్టమీద నిలబడి ఆమె వెతికింది నల్లటి మీసమున్న, పొడుగాటి అంగల మనిషిని. లింగం ఈడు మనిషిని. ముసలివాళ్లు ఎవరు నడిచి వచ్చినా ఆమె చూడనేలేదు. ఆయనే వచ్చి ఉంటే ఇట్లాగే వచ్చి ఉండేవాడు, కట్టె పట్టుకుని, ఆగి ఆగి. ఎంతమంది ముసలివాళ్లను చూసి చూపు తిప్పుకుందో!

ఆ మనిషి చింతతోపు దగ్గర బాట వదిలి వేరే పల్లె వైపు తిరిగాడు. కనబడకుండా పోయేదాకా ఈసారి సాలవ్వ చూసింది.

"అత్తా!"

ఈరవ్వ రొప్పుతూ గుట్ట ఎక్కి వచ్చింది. నెత్తిన మోపు లేదు, కిందివాళ్లకు అప్పగించి వచ్చింది, కొంగు జారి ఉంది.

"యాదవ్వ పెద్దమ్మ ఏదో ముచ్చటకు సాలవ్వను అడుగుదమన్నది. మర్లి జూస్తే నువ్వు లేవు. గింత దూరం ఎవరం జూడలే." ఊపిరి పట్టుకుని మళ్లీ అంది, "అందరి పేర్లు నువ్వు పిలుస్తవు గని, నీ పేరు ఎవరు పిలిచిన్రు?"

"వెనకోళ్ల పేరు పిలిచే రివాజు లేదు."

"మంచి రివాజే!" ఈరవ్వ పక్కన కూర్చుని అత్త మోకాలు పట్టి చూసింది. అప్పుడు గానీ గమనించలేదు. "ఇటు దిక్కేం జూస్తున్నవు? ఊరు అటు గదా."

"మోటారు పోయింది. దుమ్ము జూస్తున్న."

ఈరవ్వ కూడా చూసింది. దుమ్ము లేదు. తెల్లటి బాట ఒకటే ఎల్లారెడ్డి వైపు పోతోంది. చాలాసేపు చూసి, గొంతు తగ్గించి అంది.

"ఆ బట్టకు ఎర్ర అంచు ఉన్నది."

"ఉన్నది."

"నాకు ఎరుక లేదత్తా. ఎరుకుంటే నీళ్లల్ల ముంచకపోదును."

"నీకు ఎట్ల ఎరుకైతది? నేను చెప్తేనా?"

ఈరవ్వ ఆమె మోపును ఒక్క ఊపున నెత్తికెత్తుకుంది. సాలవ్వ కొడవలి పట్టుకుని ఆమె ముందు నడిచింది. దిగేదారిలో తన ముందు ఏ వీపూ లేదు. వెనక కోడలు మట్టెల చప్పుడు, తన అడుగుకు తగ్గట్టు నెమ్మదిగా.

దీపాలు పెట్టేవేళకు ముందే లింగం కామారెడ్డి నుంచి బండి తోలుకుని వచ్చాడు. వాకిట్లో కూర్చుని జొన్నగట్క, పచ్చిపులుసు పెట్టుకున్నారు. దారిలోనే యాదవ్వ చెప్పినట్టుంది, అతను ముద్ద కలుపుతూ తల్లి మోకాలు వంక చూశాడు.

"అవ్వా, నీకొక మాట జెప్పాలె."

"నేను జెప్పిననంక జెప్పు," అంది సాలవ్వ. చేతిలోని ముద్దను మళ్లీ గిన్నెలో పెట్టింది. "వచ్చే బేస్తారం సంది నేను అడవికి పోను. ఇంట్ల కూసోని ఇస్తార్లు కుడుత. వెనక ఈరవ్వ నడుస్తది. యాదవ్వకు చెప్పిన."

లింగం చెప్పదలుచుకున్నదీ అదే. తల్లి నోట విన్నాక పులుసు ఇంకొంచెం పోసుకున్నాడు.

"కొత్తదాన్ని నేను," అంది ఈరవ్వ. "వెనక నడిచేటోళ్లు ఏం జెయ్యాలెనో నాకేం ఎరుక?"

"పేర్లు పిలువాలె. అందరు పలికినంకనే దిగాలె. నీ పేరు పిలిచేటోళ్లు గూడ ఉండాలె, యాదవ్వకు అదీ చెప్పిన." సాలవ్వ గిన్నె ముందుకు జరిపింది. "దిగేటప్పుడు ఒక్కపారి వెనక్కి మర్లి జూడాలె."

"ఎవలకోసం?" అన్నాడు లింగం.

ఈరవ్వ మొగుణ్ణి చూడలేదు. అత్త గిన్నెలో పులుసు పోస్తూ, "జూస్తనత్తా," అంది.

"ముసలోళ్లు పోతుంటే గూడ జూడు."

"వాళ్లను గూడ జూస్త."

సాలవ్వ ముద్ద చేతిలోకి తీసుకుంది.

తిన్నాక చూరు వెదురు మీది బట్టను తీసింది. ఎండకు గరుకుగా ఆరింది, చెమటవాసన లేదు. అలవాటు చొప్పున మెలిపెట్టి, గుండ్రంగా చుట్టి, ఒక్కసారి నెత్తిమీద పెట్టుకుని తీసింది. దాన్ని గూట్లో పెట్టలేదు. గోడవార ఈరవ్వ తాడూ కొడవలీ ఉన్నచోట పెట్టి లోపలికి పోయింది. ఉతికిన బట్ట కావడంతో చుట్ట నిలవలేదు. తాడు పక్కన కొద్దికొద్దిగా విప్పుకుంటూ, ఎర్ర అంచు బయటికి వస్తూ ఉంది.