ఏడో మలుపు దగ్గర టిక్కు

గోళీలమ్మకు ఒకచోట కాలు నిలవదు. అన్నం తింటూ తింటూ లేచి వెళ్లి, షెడ్డులో ఒక పట్టా వంచి వచ్చి మళ్లీ కంచం ముందు కూర్చుంటుంది. సీసాల ఫ్యాక్టరీలో పదహారేళ్లు ఇంజనీరుగా చేసింది. బెల్టు మీద సీసాలు ఒకదాన్నొకటి తోసుకోకుండా నడిచేలా చూడటం ఆమె పని. ఆ ఉద్యోగం మానేసి, ఉక్కు కడ్డీలను సన్నని పట్టాలుగా వంచి, వాటి మీద ఉక్కు గోళీలు దొర్లే శిల్పాలు చేయడం మొదలుపెట్టాక వీధివాళ్లు పెట్టిన పేరే గోళీలమ్మ.

ఈసారి చేసింది ఒక ఆసుపత్రి హాలుకి. రెండు నిలువుల ఎత్తు, పదకొండు మలుపులు, మధ్యలో గరాటు. మోటారు గొలుసు గోళీని పైకి చేరుస్తుంది, ఆ తర్వాతంతా వాలు చూసుకుంటుంది. ఎనిమిది నెలలు పట్టింది. ముందుగదిలో బట్టలు కుట్టే అక్క అప్పుడప్పుడూ మిషను ఆపి అరిచేది.

"ఏదో టిక్కు టిక్కుమంటోందే! చూసుకో!"

"గోళీ దొర్లితే చప్పుడు రాదా? నీదంతా చాదస్తం."

శిల్పాన్ని ఆసుపత్రి గోడకు బిగించిన తొమ్మిదో రోజున ఫోను వచ్చింది. వినికిడి పరీక్షలు చేసే డాక్టరమ్మ.

"మా గది సరిగ్గా మీ బొమ్మ వెనకాలే అండీ. శబ్దం వినపడితే బటన్ నొక్కమంటే, వచ్చినవాళ్లు మీ గోళీ చప్పుడుకి నొక్కేస్తున్నారు. చెవులు కాస్త మందగించినవాళ్లకి కూడా బాగున్నట్టు వస్తోంది."

గోళీలమ్మ సంచీ భుజాన వేసుకుని ఉన్నపళంగా వెళ్లింది. శిల్పం ముందు నిలబడి చెవి ఒగ్గింది. పట్టాల మీద గోళీ జారే మెత్తని గరగర తప్ప ఏమీ లేదు.

"ఈ మాత్రం చప్పుడు ఉండాలండీ. అదే దాని అందం."

"గరగర కాదండీ, టిక్కు. అదిగో... అదిగో మళ్లీ." డాక్టరమ్మ ప్రతిసారీ వేలెత్తి చూపింది. పక్క కుర్చీలో కూర్చున్న ముసలాయన కూడా అవునన్నట్టు తలాడించాడు. వీళ్లంతా కూడబలుక్కున్నారా అనిపించి గోళీలమ్మకు ఒళ్లు మండింది.

"సరే, మీ గదిలోనే కూర్చుని వింటాను."

పెట్టెలాంటి ఆ చిన్న గదిలో కూర్చోబెట్టి, డాక్టరమ్మ ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది. "ఎలాగూ కూర్చున్నారు కదా, పరీక్ష కూడా చేసేస్తా. వినపడగానే నొక్కండి." మొదట కొన్ని మోతలు వచ్చాయి, నొక్కింది. తర్వాత నిశ్శబ్దం. గోళీలమ్మ కాళ్లు ఊపింది, బటన్ తిప్పి చూసింది, ఇంకా మొదలుపెట్టరేమని అద్దంలోంచి బయటికి చూసింది. డాక్టరమ్మ చెయ్యి మీటను మళ్లీ మళ్లీ తిప్పుతూనే ఉంది. పరీక్ష జరుగుతూనే ఉందని అప్పుడు అర్థమైంది.

డాక్టరమ్మ చూపించిన కాగితం మీద వినికిడి గీత సగందాకా తిన్నగా నడిచి, ఆ తర్వాత ఒక్కసారిగా కిందికి జారిపోయింది.

"ఈ వాలు మీద గోళీ కూడా నిలవదు," అంది గోళీలమ్మ. నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

"ఉక్కు అరగదీసే గ్రైండర్ దగ్గర చెవులకి ఏం పెట్టుకునేవారు?"

"దూది."

"దూదా!" అంటూ డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టింది. "సన్నని శబ్దాలు మీకు అందడం లేదండీ. పోయింది తిరిగి రాదు. చెవికి మిషను పెట్టుకుంటే కొంత నయం."

బస్సు వస్తున్నా ఎక్కకుండా మూడు స్టాపుల దూరం నడిచింది. చక్రాలు, బూట్లు, షట్టర్లు, ఇలా చూసిన ప్రతిదాన్నీ ఇది ఎలా మోగాలి, నాకు ఎంత అందుతోంది అని అనుమానించింది. ఇంటికి వెళ్లి విషయం చెబితే అక్క కుట్టుమిషను ఆపేసింది.

"వంటింట్లోంచి పిలిస్తే పలికేదానివి కాదు. పొగరెక్కిందనుకున్నానే. ఎన్నిసార్లు అలిగానో."

"అలిగావని కూడా నాకు తెలీదక్కా."

మర్నాడు పొద్దున్నే, రోగులు రాకముందే ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. అక్క కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది. గోళీలమ్మ నిచ్చెనెక్కి పట్టా మీద వేలికొన ఆనించింది.

"ఇప్పుడు!" టిక్కు వినపడగానే అరిచింది అక్క.

"ముందే అరిచావు."

"నీ వేలే ఆలస్యం."

పదిసార్లు పోట్లాడుకున్నాక ఏడో మలుపు అడుగున, రెండు కడ్డీలు కలిసే అతుకు దగ్గర గోరుకి ఏదో తగిలింది. వెంట్రుకంత గట్టు. కంటికి కనపడదు. ఆకురాయితో అరగదీసి నునుపు చేసింది. అయినా అక్క తల అడ్డంగా ఊపింది. గరాటు మూతి దగ్గర ఇంకొకటి దొరికింది. గోడకు బిగించిన చోట రబ్బరు బిళ్లలు వేశాక, డాక్టరమ్మ తన గదిలో తలుపేసుకుని కూర్చుని, కాసేపటికి బయటికొచ్చింది.

"ఆగిపోయిందా ఏమిటి?"

"తిరుగుతూనే ఉందండీ!" అంది అక్క గర్వంగా.

నెల తిరక్కుండా గోళీలమ్మ చెవికి మిషను వచ్చింది. మొదటిరోజు షెడ్డులోకి వెళ్లి, గోడకున్న పాత శిల్పాలు రెండింటినీ నడిపి, వెంటనే ఆపేసింది. రెండూ టిక్కుమంటున్నాయి. ఇన్నేళ్లూ చేసి అమ్మినవన్నీ కళ్లముందు మెదిలాయి. ఎవరిళ్లలో, ఎవరి ఆఫీసుల్లో ఎలా మోగుతున్నాయో! ఆ వారమంతా నిద్ర సరిగ్గా పట్టలేదు. కొన్నవాళ్లందరికీ ఒక్కొక్కరికే ఫోను చేసి, ఒక పూట వచ్చి సరిచేసి పోతానంది. అక్క సణుగుతూనే చెప్పులేసుకుంది.

ముందుగా వెళ్లింది ఒక పళ్ల డాక్టరు దగ్గరికి. ఆయన క్లినిక్కులో శిల్పం మూలన ఉంది, ప్లగ్గు పీకేసి.

"ఆపేసి రెండేళ్లయిందండీ," అన్నాడాయన మొహమాటంగా. "పళ్లు పీకించుకోడానికి వచ్చినవాళ్లు ఆ టిక్కుటిక్కుకి ఇంకా ఎక్కువ బెదిరిపోయేవారు. చెబితే మీరు నొచ్చుకుంటారని..."

గోళీలమ్మ మొహం ఎర్రబడింది. అక్కను ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, సంచీ విప్పింది.

"చెప్పాల్సిందండీ," అంది. "నిచ్చెన ఉందా?"