యాభై కిలోల చోటు

నేను ఒక ఇంటిబండిని. నవ్వకండి. పుట్టుకతో మినీ బస్సునే. పెళ్ళిజనాన్ని మోసి మోసి ఒళ్ళు హూనమయ్యాక, గాజువాక ఆటోనగర్‌లో కాసిం అనే మేస్త్రి నా సీట్లు పీకేసి, మంచం, అలమర, గ్యాస్ పొయ్యి, నీళ్ళ ట్యాంకు పెట్టి నన్ను ఇల్లు చేశాడు. కిటికీలకు పూల కర్టెన్లు కూడా కట్టాడు. ఆ రోజు నా సోకు చూసి పక్కనున్న లారీలు కుళ్ళుకున్నాయి, ఒట్టు!

నన్ను చేయించుకున్నది అనకాపల్లి గౌరునాయుడు. ముప్పై ఎనిమిదేళ్ళు లారీ తోలి మానేసిన మనిషి. ఆపిల్ లోడుకని కాశ్మీరు వెళ్ళొచ్చినప్పుడల్లా భార్య నూకరత్నానికి మంచుకొండల కబుర్లు చెప్పి, "ఓపాలి నిన్నూ తీసుకెల్తానే" అనేవాడట. ఆ పిచ్చితల్లి అన్నేళ్ళూ ఆ మాటే నమ్ముకుని కూర్చుంది. ఆవిడకు మంచు చూపించడానికే నేను తయారయ్యాను. నాకు వేరే పని లేదు.

తాళాలు చేతికిచ్చిన రోజు కాసిం నా తలుపు పక్కన కొట్టిన రేకు చూపించాడు.

"నాయుడుగారూ, అన్నీ కలిపి మూడువేల ఐదొందల కిలోలు దాటకూడదు. బండి ఖాళీగానే రెండువేల తొమ్మిదొందలు. మిగిలింది ఆరొందలు. ట్యాంకులో నీళ్ళే నూటయాభై. సిలిండరు ముప్పై. మీరిద్దరూ..."

"మమ్మల్ని కూడా తూస్తావేటి?" అని నాయుడు నవ్వాడు.

"మనిషికీ బరువుంటుంది కదండీ. మీరో ఎనభై, అమ్మగారో యాభై. సామానంతా సర్దాక ఒక్కసారి కాటా ఎక్కించండి."

"పది టన్నుల బండిలో పదారు టన్నులేసి ఘాటురోడ్డు ఎక్కించినోణ్ణి. నాకు సెప్తావేటయ్యా!"

కొంప ముంచింది ఆ గొప్పే. కాటా అంటే లోడు బండ్లను తూచే చోటు. పాత లారీ డ్రైవరుకు అది కనబడితే పులి కనబడ్డట్టే. మేం బయల్దేరిన రోజు హైవే మీద కాటా బోర్డు రాగానే నాయుడి చేతులు వాటంతట అవే స్టీరింగు పక్కదారికి తిప్పేశాయి. తిప్పాక, "అలవాటే రత్నం" అని తనే నవ్వుకున్నాడు.

నూకరత్నం సర్దుకున్నవి ఎక్కువేం కాదు. పరుపులు, గ్రైండరు, నాలుగు ఆవకాయ జాడీలు. వచ్చిన చిక్కంతా చుట్టాలతోనే. ప్రయాణమై పోయేవాళ్ళను వట్టి చేతులతో పంపకూడదు, పెట్టింది వద్దనకూడదు. మావైపు మర్యాద అది. విజయనగరంలో ఆవిడ చెల్లెలు సింహాచలం బియ్యం బస్తా ఎక్కించింది. "ఇల్లంత బండుంది, దీనికేటి బరువే అప్పా!" శ్రీకాకుళంలో కొబ్బరికాయల మూట. పలాసలో జీడిపప్పు, నాలుగు పనసకాయలు, ఇంకో బియ్యం బస్తా.

"బండి కుంగినట్టుంది మావా" అంది నూకరత్నం ఒకసారి.

"అదే లేత్తాదిలే. వొద్దంటే ఆల్ల మనసు నొచ్చుకోదేటి?"

వాళ్ళ మనసు సరే, నా నడుము మాటేమిటి? ప్రతి గుంతకూ మూలిగాను. ఎవరు వింటారు! తలుపు పడితే చాలు, బండి మోస్తుందనుకుంటారు మనుషులు.

సోంపేట దాటాక, మిట్టమధ్యాహ్నం ఎండలో, నా వెనక టైరు పేలింది. నేను రోడ్డు దిగి పక్క కాలవలో కూలబడ్డాను. ఇరుసు వంగిపోయింది. దేవుడి దయవల్ల వాళ్ళిద్దరికీ గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. పనసకాయలు దొర్లుకుంటూ పొలంలోకి పోయాయి. పగిలిన జాడీల పక్కన కూర్చుని ఆవిడ అడిగింది, "మంచు ఇంకా ఎంత దూరం మావా?"

క్రేనువాళ్ళు నన్ను షెడ్డుకు తీసుకుపోతూ దారిలో తూయించారు. మూడువేల తొమ్మిదొందలు. ఆ చీటీ పట్టుకుని నాయుడు నా తలుపు పక్కన రేకు మీది అంకె చదువుకున్నాడు.

ఇరుసు దొరికి నేను ఇంటికి చేరేసరికి వానలు పట్టుకున్నాయి. "వచ్చే ఏడు ఎల్దాం" అనుకున్నారు. సాయంత్రాలు ఆవిడ వచ్చి నా మెట్టు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుచుకునేది. నా గడపకు పసుపు రాసేది. "ఎప్పుడు తీసుకెల్తావే నన్ను?" అని నన్నే అడిగేది. ఇంజను ఉంది, చక్రాలున్నాయి, నోరు మాత్రం లేదు నాకు. కార్తీకంలో ఒక తెల్లవారుజామున ఆవిడ గుండె ఆగిపోయింది. నాలో ఆవిడ చేసిన ప్రయాణమంతా కలిపితే రెండొందల చిల్లర కిలోమీటర్లు. ఆ మెట్టు మీద మళ్ళీ ఆవిడ కాలు పడితే బాగుండునని నాకు ఇప్పటికీ ఉంటుంది.

మళ్ళీ మే నెల వచ్చింది. నాయుడు ఒక్కడే వచ్చి నన్ను తుడిచి, సామాను సర్దాడు. మంచు దాకా పోతానని ఊళ్ళో చెప్పాడట. హైవే మీద అదే కాటా బోర్డు కనబడింది. ఈసారి ఆయన తిన్నగా దాని మీదికే ఎక్కించాడు.

"మూడువేల నాలుగొందల యాభై" అన్నాడు కాటావాడు. "ఇంకో యాభై కిలోలు ఏసుకోవచ్చు బాబూ."

నాయుడు తల ఊపి, చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

విజయనగరంలో సింహాచలం అక్కను తలుచుకుని ఏడ్చింది. భోజనం పెట్టింది. బయల్దేరేముందు, మర్యాద మర్యాదే కదా, బియ్యం బస్తా నా దగ్గరికి తెప్పించింది. సరిగ్గా యాభై కిలోలది.

"చోటు లేదమ్మా" అన్నాడు నాయుడు.

"బండి ఖాళీగానే ఉంది కదా బావా?"

"లేదమ్మా. చోటు లేదు."

ఆవిడ నా లోపలికి తొంగి చూసింది. ముందు పక్క సీటులో నూకరత్నం శాలువా మడతపెట్టి ఉంది. బస్తా మళ్ళీ ఇంట్లోకి పంపించేసింది.

కాటావాడు చెప్పిన లెక్క నాకు గుర్తుంది. అయినా నాయుడు చెప్పిందే నిజం. ఆ యాభై కిలోలూ ఆవిడవి.