ఉత్తర గోడ మీది ఫొటోలు

నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలోని తెలుగు కళాకేంద్రంలో పాత ఫొటోల ప్రదర్శన పెడదామన్న ఆలోచన దోర్కాదే. రైల్వే బడిలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆమె అడిగితే కాదనే ఇల్లు ఆ క్వార్టర్లలో లేదు. గోడకున్న పటాలను దించి, కొంగుతో తుడిచి మరీ ఇచ్చారు. వర్క్‌షాపులో పని కోసం శ్రీకాకుళం నుంచి వచ్చిన తాతలు, పెళ్లి జంటలు, చర్చి ముందు వరసగా నిలబడ్డ పిల్లలు. మొత్తం నలభై రెండు.

"కాపీలు తీయించి పెడదాం టీచర్. అసలువి ఎవులివి ఆళ్లకిచ్చీద్దాం" అన్నాడు కేంద్రం కార్యదర్శి విల్‌ఫ్రెడ్. "ఉత్తరం గోడ పైన కప్పు రేకు వదులైపోనాది, సూసినారా?"

దోర్కా ఒప్పుకోలేదు. "కాపీలైతే మొబైల్లోనే సూసుకోవచ్చు కదేటి! ఆ మరకలు, ఆ చేతిరాతలు జనం కళ్లారా సూడాల. నాలుగు దినాలే కదా."

శనివారం ప్రారంభానికి జనం బాగానే వచ్చారు. ముసలివాళ్లు తమ పటాల పక్కన నిలబడి మనవలకు వేలు పెట్టి చూపించారు. ఆ రోజంతా దోర్కా కాలు ఒకచోట నిలవలేదు.

సోమవారం కాలేజీ పిల్లలు రావలసి ఉంది. వాళ్లకు పంచే కాగితాలు జెరాక్స్ తీయించడానికి ఆదివారం మధ్యాహ్నం దోర్కా హాలుకు తాళం వేసి ప్రేమ్ బజార్ వెళ్లింది. అక్కడుండగానే ఆకాశం నల్లబడింది. కాలవైశాఖి గాలివాన విరుచుకుపడింది. గంటన్నర సేపు కొట్టు చూరు కింద ఇరుక్కుపోయింది. విల్‌ఫ్రెడ్‌కి ఫోను చేస్తే కలవలేదు.

తిరిగొచ్చి తలుపు తీసేసరికి కప్పు మీద రేకు లేదు, ఉత్తర గోడ మీద ఒక్క పటమూ లేదు. చీలమండల లోతు నీళ్లలో గాజుపెంకులు, ఫ్రేములు. ఒక ఫొటో ఎత్తి పట్టుకుంటే బొమ్మ పొరలా ఊడి వేళ్లకు అంటుకుంది. ఆ నీళ్లలోనే మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరింది. పందొమ్మిది పోయాయి. ఆమె ఫోనులో ఉన్నవన్నీ హాలు మొత్తం కనబడేలా తీసినవి. వాటిలో ముఖాలు చుక్కల్లా ఉన్నాయి.

మర్నాడు పాడైన వాటిని ఇళ్లకు తిరిగివ్వడానికి విల్‌ఫ్రెడ్ తోడొస్తానన్నాడు. "వద్దు బాబూ, అడిగి తెచ్చింది నేను" అని ఒక్కతే బయల్దేరింది.

మొదటి ఇంట్లో రత్నం నోటికొచ్చినట్టు తిట్టింది. రెండో ఇంట్లో అట్ట లాక్కుని ముఖం మీదే తలుపు వేశారు. మూడోది జగ్గారావు ఇల్లు. అక్కడికి వెళ్లాక, ఆ తిట్లే నయమనిపించాయి.

జగ్గారావు వర్క్‌షాపులో కమ్మరిపని చేసి దిగిపోయిన ఎనభై ఏళ్ల మనిషి. పెళ్లైన రెండేళ్లకే భార్య పురిట్లో పోయింది. మళ్లీ చేసుకోలేదు. ఆమెది ఉన్నది ఒకటే ఫొటో.

తెల్లగా ఉబ్బిపోయిన అట్టను ఆయన చేతిలో పెట్టి దోర్కా తల ఎత్తలేకపోయింది. "నా తప్పే బాబాయ్. కాపీ తీయించమంటే ఇన్లేదు."

ఆయన దాన్ని వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. తిట్టలేదు. కూర్చోమని కుర్చీ చూపించాడు.

"దినామూ సూసీవోణ్ణి తల్లీ. బొమ్మ ఉంది కదాని మొకం మనసులో పెట్టుకోనేదు. నిన్న సంగతి ఇన్నకాడ్నించి తలుసుకుంతన్నాను, గురుతు రావట్లేదు." ఆగి, ఆశగా ఆమె వైపు చూశాడు. "నీకాడ నెల్లాళ్లుంది కదా. నువ్వు సూసినావు. ఎలాగుండేదో సెప్పమ్మా."

దోర్కా నోరు తెరిచింది. పటం కొలత గుర్తుంది. వెనక స్టూడియో ముద్ర గుర్తుంది. కింద అంటించిన చీటీలో తాను రాసిన ప్రతి మాటా గుర్తుంది. ముఖం గుర్తు లేదు. నలభై రెండింటిలో ఒకటిగా మేకుకు తగిలించింది, అంతే.

"కళ్లు పెద్దవి బాబాయ్" అంది చివరికి. "నవ్వుతున్నట్టు..."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నవ్వనేదమ్మా. పొటో తీసీవోణ్ణి సూసి బయపడిపోనాది. అదొక్కటీ గురుతుంది."

అట్టను ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. దోర్కా లేచి వాకిట్లోకి వచ్చింది. సంచిలో ఇంకా పదహారు ఉన్నాయి. పక్కింటి గుమ్మంలో, తమ పటం కూడా ఇచ్చిన తబిత ఆమె కోసమే నిలబడి ఉంది.