నివెస్ కట్టిన సలామీ

పేరు రాయకుండా నంబరు చీటీ అంటించి మా ల్యాబుకి పరీక్షకు పంపినంత మాత్రాన ఈ సలామీ ఎవరిదో నాకు తెలియదా ఏంటి, దారాన్ని ఎడంచేత్తో రెండు చుట్లు తిప్పి ముడి బిగించేది ఈ పియాచెంజా కొండల్లో మా తమ్ముడి పెళ్ళాం నివెస్ ఒక్కతే, మొన్న సంతలో మొదటి బహుమతి కొట్టిందిగా మహాతల్లి, అమ్మ అందరి ముందూ దాని బుగ్గలు పుణికి అచ్చం మా అమ్మ చేతి రుచేనే పిల్లా అంది, ఏళ్ళ తరబడి నేనూ పంది మాంసం తరిగి, ఉప్పేసి, పేగుల్లో కూరి వేలాడదీస్తున్నాను, ఒక్కనాడైనా అందా నాతో ఆ మాట, అనేదల్లా ఉప్పు చూసుకోవే అనే, ఉండేది నా ఇంట్లో, రోజూ తినేది నా చేతి ముక్కలు, మెచ్చుకునేది కోడల్ని, కడుపు మండదూ మరి.

తోలుతో సహా రుబ్బుతుంటే నా చేతులకు పండగే, వడగట్టి యంత్రంలోకి పంపి తెర ముందు కూర్చున్నాను, బూజు విషం ఉంటే గీత లేస్తుంది, లేవాలని కోరుకున్నానా అంటే కోరుకున్నాను, దాచేదేముంది, లేచింది, హద్దు దాటి పైకి పోయింది, మా ల్యాబు పెద్ద దావోలి సారు కళ్ళజోడు సర్దుకుని ఇదేంటమ్మా ఎర్సీలియా, మళ్ళీ చెయ్ అన్నాడు, సంతోషంగా చేస్తాను సార్, మళ్ళీ లేచింది, మూత్రపిండాలు తినేసే విషం, నీ సరుకంతా ఇక గోతిలోకే నివెస్, తిక్క కుదిరింది, ఇప్పుడు పుణకమను అమ్మని నీ బుగ్గలు.

అయినా దానికి ఈ బూజెక్కడిది, కొత్తిల్లు కట్టినప్పుడు దాని నేలమాళిగ గోడలు ఆస్పత్రి గోడల్లా బోడిగా ఉండేవి, సలామీ పండాలంటే పైన తెల్లబూజు పట్టాలిగా, అక్కడ ఎన్ని వేలాడదీసినా అది పట్టక ఎండి కర్రలైపోయేవి, వదినా ఏం చెయ్యను అంటూ ఏడుస్తూ వచ్చింది, పాత మాళిగలోంచి బూజు పట్టినవి రెండు పట్టుకెళ్ళి నడిమధ్య కట్టుకోవే, మిగతావాటికి అవే అంటిస్తాయి అంది అమ్మ, ఇక్కడ అందరూ చేసేదేగా, పాత మాళిగ, ఎవరి మాళిగ, ఆగు, కొక్కెం మీంచి తీసి, పట్టుకుపో అని దాని చేతిలో విసురుగా పెట్టింది నేనే.

భోజనాల వేళ, ఇంటికి ఫోను మోగుతోంది, ఎత్తమ్మా, ఎత్తు, ఎత్తింది, ఏంటే పని మానుకుని ఈ ఫోను, తింటున్నాను, నీ సలామీయే, ఈసారీ ఉప్పెక్కువే, ఉమ్మెయ్యమ్మా, ఏంటీ, ఉమ్మెయ్యి, పళ్ళెం పక్కన పెట్టు, మరి నివెస్‌ది తెప్పించుకోనా అని నవ్వుతోంది, నివెస్‌దీ నాదేనమ్మా, నువ్వు మెచ్చుకున్న రుచీ నాదే, ఈ విషమూ నాదే.