నున్నటి గోడ మీద ఉప్పు కాగితం

నేనొక ఉప్పు కాగితాన్ని. నాలుక పెట్టి చూడకండి, ఉప్పేమీ లేదు. కాగితానికి జిగురు పూసి రాతిపొడి అద్దితే పుట్టాను. అనకాపల్లిలో ఒక హార్డ్‌వేర్ కొట్లో మేకుల డబ్బా కింద ఆర్నెల్లు పడి ఉన్నాక పెయింటర్ తాతారావు చేతికి వచ్చాను.

చూపు లేని తన అక్క బంగారమ్మకు ఒక గది ఉండాలని తాతారావు జిప్సం బోర్డులతో ఇంట్లో అడ్డుగోడ కట్టాడు. బోర్డుల మధ్య అతుకు మాత్రం రెండేళ్లుగా గట్టులా లేచి అలాగే ఉండిపోయింది. "ఊరందరి గోడలూ నున్నగుంటాయి, మనింట్లోనే గతుకుల రోడ్డు" అని భార్య నూకాలు దెప్పని రోజు లేదు.

బంగారమ్మ చుట్టాలింటికి వెళ్లిన నాలుగు రోజుల్లో అతనికి రోషం వచ్చింది. అతుకు మీద లప్పం పెట్టి, ఆరనిచ్చి, నన్ను చెక్కముక్కకు చుట్టి రుద్దాడు. పక్కనుంచి బల్బు పట్టి చూడడం, నీడ కనిపించిన చోట మళ్లీ రుద్దడం. పొడి పడి అతని కనుబొమలు నెరిశాయి. చివరికి అతుకెక్కడుందో నాకే తెలియలేదు. ఇద్దరం తెగ మురిసిపోయాం.

బంగారమ్మ తిరిగొచ్చింది. ఎప్పటిలాగే గోడకు అరచెయ్యి ఆనించి నడిచింది. అతుకు తగిలితే ఆగి, కాలితో మెట్టు వెతుక్కుని వంటింట్లోకి దిగడం ఆమె అలవాటు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అతుకు తగల్లేదు. మెట్టు మీంచి పడింది. మోకాలు చీరుకుపోయింది.

"తమ్ముడా, ఇది మనిల్లేనేటి? నా గురుతేదిరా?"

"నానే తోమీసినానప్పా."

ఆ తర్వాత రెండు రోజులు ఆమె మంచం దిగలేదు. ఎవరినీ ఏదీ అడగని మనిషి, మంచినీళ్లకు కూడా "నూకాలూ, చెయ్యందీవే" అని పిలిచింది. ఆ పిలుపు విన్నప్పుడల్లా తాతారావు వెళ్లి ఆ నున్నటి గోడను తడిమి చూసేవాడు. నాకైతే సిగ్గేసింది.

మూడోరోజు ఆమెకు గుర్తుగా గోడ మీద గాటు పెట్టబోయాడు. "అంత కట్టపడి సేసినావు, పాడు సెయ్యకురా" అంది బంగారమ్మ. అప్పుడతని చూపు చెత్తలో ఉన్న నా మీద పడింది. మధ్యలో అరిగినా అంచుల్లో గరుకు మిగిలే ఉంది. నాలుగు వేళ్ల వెడల్పున కత్తిరించి, ఆమె చెయ్యి అందే ఎత్తులో, పాత అతుకు ఉన్న చోటే అంటించాడు.

తర్వాత గోడకు రంగు వేశారు, నన్ను వదిలేసి. పెయింటర్ ఇంటి గోడకు ఈ అతుకుముక్కేమిటని వచ్చినవాళ్లు నవ్వుతారు. బంగారమ్మ మాత్రం రోజూ నా మీద చెయ్యి పెట్టి ఆగుతుంది. ఎవరినీ పిలవకుండా మెట్టు దిగుతుంది.