ఖలాఫ్ పేరు

నీళ్ల ట్యాంకరు దగ్గర వజీహాకి ముందు ఇంకా పదకొండు మంది ఉన్నారు. ఆగస్టు మధ్యాహ్నం. సముద్రం పోటెక్కి నదిలోకి ఉప్పునీళ్లు చేరినప్పటి నుంచి, బస్రా నగరానికి దిగువనున్న ఆ ఊళ్లో కుళాయి నీళ్లు ఒంటిమీద పోసుకున్నా మంటే. పైన వేసుకున్న నల్లటి అబాయా అంచుతో మొహం తుడుచుకుంటుంటే ఫోను మోగింది. ఓ పత్రిక నుంచి ఉత్తరం, మెయిల్లో.

'మీ వ్యాసం తీసుకుంటున్నాం. రెండు వందల డాలర్లు ఇస్తాం.'

రెండోసారి చదువుతుండగా వెనకావిడ భుజం మీద వేలితో పొడిచింది. "కదులమ్మా, ఆ ఫోను పిండితే నీళ్లొస్తాయా?"

వజీహాకి ముప్పై మూడేళ్లు. పర్మనెంటు చేస్తారన్న ఆశతో నాలుగేళ్లు బడిలో జీతం లేకుండా పాఠాలు చెప్పింది. చేయలేదు. తర్వాత ఊరి సంగతులు ఫోన్లో తీసి, రాసి, తన పేజీలో పెట్టడం మొదలుపెట్టింది. ముప్పై వేల మంది చదువుతారు. టీవీ వాళ్లు ఆమె వీడియోలు పేరు వేయకుండా వాడుకుంటారు. డబ్బిచ్చే పత్రిక కోసం ఏడాదిలో తొమ్మిది చోట్లకు రాసింది. ఆరు చోట్ల నుంచి జవాబే రాలేదు. రెండు చోట్ల, అనుభవం వస్తుంది, ఊరికే రాయమన్నారు. ఇది తొమ్మిదోది.

ఇంట్లో తల్లి వెంటనే నమ్మలేదు. "మళ్లీ చదివినవాళ్లు ఫోన్లో పెట్టే గుండె బొమ్మలేనా? రొట్టెల కొట్టువాడికి చూపించు, ఒక్క రొట్టె ఇస్తాడేమో!"

"డాలర్లమ్మా."

తల్లి తోముతున్న చేపను పళ్లెంలో వదిలేసి కూతురి మొహంలోకి చూసింది. "నీ పేరు కూడా వేస్తారా?"

"వేస్తారు."

ఉత్తరం అడుగున ఇంకో రెండు వాక్యాలున్నాయి. వజీహా అప్పుడే వాటిని నిదానంగా చదివింది. ఊరి నీళ్లు శుద్ధిచేసే కేంద్రంలో క్లోరిన్ అయిపోయి పందొమ్మిది రోజులైందని వ్యాసంలో చెప్పిన కూలీ పేరు కావాలట. మొహం కనిపించే ఫొటో కూడా.

ఆ కూలీ ఖలాఫ్. ఆరేళ్లుగా రోజుకు పన్నెండు వేల దీనార్ల మీద పనిచేస్తున్నాడు. చిన్నకూతురు ఆ నీళ్లే తాగి ఆసుపత్రి పాలైతే, కడుపుమంట కొద్దీ వజీహాకి చెప్పాడు. పేరు రాయనని ఆమె మాటిచ్చింది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లి సంగతంతా చెప్పింది.

"రాసెయ్ చెల్లెమ్మా," అన్నాడు ఖలాఫ్. "నీకైనా నాలుగు డబ్బులొస్తాయి. నేనెటూ మునిగినవాణ్ణే."

అతని భార్య సబీహా ఎండు నిమ్మకాయ టీ గ్లాసు వజీహా ముందు పెట్టింది. "లిస్టు సంగతి చెప్పావా ఆమెకి?"

"ఏం లిస్టు?" అంది వజీహా.

"వచ్చే నెల పర్మనెంటు చేసేవాళ్ల లిస్టు. ఈయన పేరుంది. ఆరేళ్లకి." సబీహా గొంతు పెంచలేదు. "నీ కష్టం నాకు తెలుసమ్మా. కాదనను. కానీ నా పిల్ల మందులు ఎవరు కొనాలో అది కూడా రాయి."

టీ తాగకుండానే లేచింది వజీహా. గుమ్మం దగ్గర పాప చాప మీద పడుకుని ఉంది. చేతికి సూది గుచ్చిన చోట ఇంకా నల్లగానే ఉంది.

ఆ పత్రిక ఎడిటర్ లమా ఎక్కడో దూరదేశంలో ఉంటుంది. కూలీ పేరు ఇవ్వలేనని వజీహా ఫోన్ చేస్తే మంచిగానే మాట్లాడింది. "పేరు లేకపోతే నమ్మరు వజీహా. మొహం లేకపోతే అసలు చదవరు. నా పైవాళ్లకి నేనేం చెప్పుకోను?"

"నేను చూశాను. ఖాళీ పీపాల ఫొటోలున్నాయి. రాసింది నేను, నా పేరుంది కదా!"

"నువ్వెవరో ఎవరికి తెలుసు?" అనేసి, నొచ్చుకున్నట్టు ఆగింది. "పోనీ సమాచారమంతా మాకిచ్చెయ్. మా విలేకరి రాస్తాడు. నీకు నలభై డాలర్లు ఇప్పిస్తా. ఎవరు చెప్పారో అతనికి మాత్రం చెప్పాలి."

"చెప్పను," అంది వజీహా.

ఆ రాత్రి తల్లి చేపకూర రెండు వంతులు చేసి పెద్దది కూతురికి వడ్డించింది.

మర్నాడు వజీహా వ్యాసం తన పేజీలోనే పెట్టింది, ఊరికే. పేరు లేకుండా, కేంద్రంలో పనిచేసే ఒకతను అని మాత్రమే రాసింది. మధ్యాహ్నానికి వేలమంది చూశారు. క్లోరిన్ రాలేదు.

మూడో రోజు ఖలాఫ్ ఫోన్ చేశాడు.

"రోజుకూలీలను మా ఆరుగురినీ ఆఫీసులోకి పిలిచారు చెల్లెమ్మా. మేమెవరం ఏమీ చెప్పలేదు, అదంతా అబద్ధమని కాగితం రాసి సంతకాలు పెట్టమన్నారు. పెట్టకపోతే పర్మనెంటు లిస్టులో పేరుండదన్నారు. ఐదుగురు పెట్టారు."

"నువ్వు?"

"కలం చేతికిచ్చారు. తిరిగి బల్ల మీద పెట్టేశాను."

"ఎందుకన్నా? నీ పేరు ఎక్కడా రాకుండా చూశాను కదా!"

"నువ్వు చూశావు. నా పిల్లకొచ్చిన జబ్బు అబద్ధమని నా చేత్తో నేనెట్లా రాసివ్వను?"

"వదినకి చెప్పావా?" అంది వజీహా.

"లేదు. గేటు బయటే ఉన్నా. ఇంటివైపు కాళ్లు పోవడంలేదు."

అవతల నీళ్ల మోటార్ల హోరు వినిపిస్తోంది. ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టెయ్యలేదు.